అత్తగారి మర్యాద

పొద్దున్నే లేచి ఓక్బున్ తనకు తానే ఒట్టు పెట్టుకుంది. ఇవాళ అత్తగారి గది ముట్టుకోకూడదు. తడిసిన పరుపు తీయకూడదు, జుట్టు దువ్వకూడదు, కిటికీ తెరవకూడదు. బీమా ఆఫీసు మనిషి వచ్చి కళ్లారా చూసేదాకా ఎక్కడిదక్కడే ఉండాలి.

పెట్టుకున్నంత తేలిక కాదు ఆ ఒట్టు నిలబెట్టుకోవడం. వంటింట్లో సోయా పులుసు పొయ్యి మీద పెట్టి నిలబడితే, ఆ గదిలోంచి వాసన వచ్చి పులుసు వాసనను మింగేస్తోంది. చేతులు వాటంతట అవే బకెట్టు కోసం వెతుకుతున్నాయి. ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి ఆ చేతులు నేర్చుకున్న పాఠం ఒక్కటే. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ముందు అత్తగారు శుభ్రంగా కనిపించాలి.

పోయిన వసంతంలో ఆ చేతులే కొంప ముంచాయి.

యంగ్యాంగ్ కొండల్లో వాళ్ల ఊరి నుంచి బజారుకు పోయే దారిలో, మతి తప్పిన ముసలివాళ్లను పగటిపూట చూసుకునే కేంద్రం ఒకటి తెరిచారు. పొద్దున వ్యానులో తీసుకుపోయి, అన్నం పెట్టి, పాటలు పాడించి, సాయంత్రం ఇంటి దగ్గర దింపుతారు. అందులో చేర్చుకోవాలంటే సర్కారు బీమా ఆఫీసువాళ్లు వచ్చి మనిషిని చూసి, సాయం లేకుండా బతకలేదని తేల్చి గ్రేడు ఇవ్వాలి. ఉల్సాన్‌లో ఓడల కార్ఖానాలో పనిచేసే ఓక్బున్ కొడుకు ఫోను మీదే దరఖాస్తు పెట్టించాడు. ఆఫీసు మనిషి వస్తున్నాడని తెలియగానే ఓక్బున్ ఏం చేసింది? అత్తగారికి వేడినీళ్లతో స్నానం చేయించింది. పండగలకు వేసుకునే లేత నీలం జాకెట్టు ఇస్త్రీ చేసి తొడిగింది. జుట్టుకు నూనె రాసి ముడి వేసింది. ఆపిల్ ముక్కలు కోసి పళ్లెంలో సర్దింది. అత్తగారు ఆ ముస్తాబులో నిటారుగా కూర్చుని, వచ్చినతనికి తన చేత్తో పండు అందించి, "ఇంత దూరం మా కోసం వచ్చారు, పాపం" అంది.

అతను ఓక్బున్‌ను అడిగాడు. తిడతారా? కొడతారా? పక్క తడుపుతారా? బయటికి వెళ్లి దారి తప్పుతారా? పక్కనే కూర్చుని అత్తగారు వింటోంది. అత్తగారి మొహం మీద, పరాయి మగవాడితో, ఆ ఇంటి పెద్ద కోడలు ఏం చెబుతుంది? "అబ్బే, మాకేం ఇబ్బంది లేదండి. వయసు కదా" అంది. అతను అదే రాసుకుని వెళ్లిపోయాడు. గ్రేడు రాలేదు.

ఆ మాట అన్నది తన నోరేనా అని ఓక్బున్ చాలా రోజులు అనుకుంది.

భర్త పోయి అప్పటికే చాలా ఏళ్లు. భర్త పోయినంత మాత్రాన పెద్ద కోడలి పీట ఖాళీ కాదు. ఆయన చెప్పులు గుమ్మం దగ్గర నుంచి తీసేశారు గానీ, పెద్దలకు పెట్టే ఏటేటి పూజలూ, అత్తగారూ అక్కడే మిగిలారు. ఎవరూ అప్పజెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. మొన్న మే నెలలో పెద్దల పట్ల నడవడి నేర్పే పాత ధర్మపాఠశాల పెద్దమనుషులు నల్ల టోపీలు పెట్టుకుని వచ్చి, ఊరి హాల్లో ఆమెకు 'ఆదర్శ కోడలు' అని చెక్కిన పలక ఇచ్చారు. ఫొటో తీశారు. ఫొటోలో అత్తగారు నవ్వుతోంది. ఓక్బున్ కళ్లు మూసుకుని ఉంది. అంతసేపు ఏ పనీ లేకుండా నిలబడేసరికి ఆమెకు నిద్ర ముంచుకొచ్చింది.

ఆ తర్వాత మిరప కోతలు వచ్చాయి. పొలం రోడ్డుకు అవతలే. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆరబోసిన కాయలు వాన పడేలోగా ఎత్తాలి. అత్తగారు ఆ పూట అప్పటికే ఒకసారి వాగు దాకా పోయింది, చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సి వచ్చింది. ఓక్బున్ ఆమెను గదిలో కూర్చోబెట్టి, తలుపు మూసి, కొండీలో అన్నం తినే చెంచా దోపింది. దోపి, వెనక్కి తిరిగి చూడకుండా పొలానికి నడిచింది. కాయలన్నీ ఎత్తి వచ్చేసరికి లోపల చప్పుడు లేదు. తలుపు చెక్క చట్రానికి అంటించిన కాగితం పీలికలై వేలాడుతోంది. అత్తగారు గుమ్మానికి ఆనుకుని, నెత్తురు కారుతున్న గోళ్లను ఒళ్లో పెట్టుకుని, ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది.

ఆ వేళ్లు కడుగుతుంటే ఓక్బున్‌కు భయం వేసింది. అత్తగారిని చూసి కాదు, తనను చూసుకుని. ఆ చెంచా దోపుతున్నప్పుడు తన మనసు కొంచెం కూడా కలుక్కుమనలేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే గడిస్తే తను ఇంకేం చేయగలదో ఆమెకే తెలియదు. ఆ సాయంత్రమే కొడుక్కి ఫోను చేసి, "మళ్లీ పెట్టరా దరఖాస్తు. ఈసారి గ్రేడు రాకపోతే మీ నాయనమ్మకు నా వల్లే కీడు జరుగుతుంది" అంది.

అందుకే ఈ ఒట్టు.

పులుసు కాగుతుండగా వాకిట్లో అడుగుల చప్పుడయింది. మొదటి బస్సుకు డేగు నుంచి దిగింది హేసుక్. అత్తగారి కూతురు, ఓక్బున్ భర్తకు చెల్లెలు. వయసులో చిన్నదే అయినా ఆడబిడ్డ కాబట్టి ఓక్బున్ ఆమెను 'అమ్మాయిగారూ' అనే పిలవాలి. ఆ అమ్మాయిగారికి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి.

"ఏమిటీ కంపు? వదినా, ఇంట్లో ఎలుక గానీ చచ్చిందా?"

"కూర్చోండి అమ్మాయిగారూ. నేనే అలా ఉంచాను. కావాలనే."

"కావాలనా!" హేసుక్ గది తలుపు తీసి చూసి, ముక్కు మూసుకుని వెనక్కి వచ్చింది. "మా అమ్మను తడిగుడ్డల్లో కూర్చోబెట్టి పరాయివాళ్లకు చూపిస్తావా? సంతలో దూడను చూపించినట్టు?"

"పోయినసారి ముస్తాబు చేసి చూపించాను. ఏమైంది?"

"ఏమవుతుంది, బాగానే ఉందన్నారు. మా అమ్మ బాగుండటం కూడా నీకు కష్టంగా ఉందా?"

"అంత బాగుంటే ఒక వారం మీ ఇంటికి తీసుకెళ్లండి."

మాట జారిపోయింది. ఇన్నేళ్లలో ఓక్బున్ ఆడబిడ్డను అంత మాట అనలేదు.

"మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నీకు తెలీదా? అయినా కొడుకు ఇల్లు ఉండగా కూతురి ఇంట్లో పడి ఉందంటే నలుగురూ ఏమంటారు? నిన్నే అంటారు. ఆదర్శ కోడలివి కదా, గోడకు పలక కూడా తగిలించుకున్నావు."

"నేను తగిలించలేదు. మేకు కొట్టింది మీరే."

"కొట్టాను, గొప్పగా ఉంటుందని! ఇప్పుడు ఆ పలక కిందే మా అమ్మను ఇలా కూర్చోబెడతావా? నీకు చేతకాకపోతే పక్కకు జరుగు. నేను కడుగుతాను మా అమ్మను."

హేసుక్ చేతులు పైకి మడుచుకుని, బకెట్టూ తువ్వాలూ తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఓక్బున్ పొయ్యి దగ్గరే నిలబడింది. మొదట "అమ్మా, నేనమ్మా, హేసుక్‌ను" అన్న మెత్తటి మాటలు వినిపించాయి. తర్వాత బకెట్టు పడ్డ చప్పుడు. ఆ తర్వాత అత్తగారి గొంతు, ఇల్లంతా మోగిపోయేలా.

"దొంగముండా! నా బట్టలు లాగుతావా! ఎవరక్కడ, ఈ దొంగదాన్ని బయటికి గెంటండి!"

హేసుక్ బయటికి వచ్చింది. జుట్టు రేగిపోయింది, ముందంతా తడిసిపోయింది. మణికట్టు మీద పంటి గాట్లు ఎర్రగా తేలాయి.

"నన్ను దొంగ అంది వదినా. కన్నకూతుర్ని. నన్ను పట్టుకుని దొంగ అంది."

"రోజూ నన్నంటుంది. ఇవాళ మీ వంతు."

ఎకసెక్కంగా అనలేదు ఓక్బున్. అంత ఓపిక కూడా లేదు. కానీ లోపల అత్తగారు తడి నేల మీద కూర్చుని వణుకుతోంది. అది కనిపించాక ఒట్టు గిట్టు ఏదీ గుర్తులేదు. ఓక్బున్ చేతులు కదిలిపోయాయి. వెనక నుంచి వెళ్లి, అత్తగారి భుజం మీద దుప్పటి కప్పి, కళ్లలోకి చూడకుండా, "చుట్టాలు వస్తున్నారు అత్తయ్యా, జాకెట్టు వేసుకుందామా?" అంది. ఆ మాట వింటే చాలు, అత్తగారు మెత్తబడుతుంది. కాళ్లు చాపింది, చేతులెత్తింది, తల వంచి దువ్వించుకుంది. పరుపు మారింది, నేల శుభ్రమైంది, కిటికీ తెరుచుకుంది. ఆఖరికి హేసుక్ తెచ్చిన ద్రాక్ష కూడా పళ్లెంలోకి చేరింది. అంతా అయ్యాక ఓక్బున్ గుమ్మంలో నిలబడి ఆ గదిని చూసి, చేసిన పని ఏమిటో అప్పుడు అర్థమై, గోడకు ఆనుకుంది.

అప్పుడే వాకిట్లో కారు ఆగింది.

ఈసారి వచ్చింది ఒక ఆడమనిషి, ముప్పై అయిదు ఉంటాయేమో. పే అని ఇంటిపేరు చెప్పింది. గుమ్మం బయట చెప్పులు సరిగ్గా సర్ది, లోపలికి వచ్చి వంగి నమస్కారం పెట్టింది. అత్తగారు పొంగిపోయింది.

"రా తల్లీ, రా. పొయ్యి వేడికి నేల వెచ్చగా ఉంది, ఇటు కూర్చో. పే వాళ్లంటే ఏ ఊరి పే వాళ్లమ్మా?"

"సంగ్జూ పే వాళ్లం మామ్మగారూ."

"మంచి వంశం. మా మేనత్తను ఆ ఇంటికే ఇచ్చారు. పండు తిను. ఇంత సన్నగా ఉన్నావు, మీ అత్తగారు అన్నం పెట్టదా?"

ఆఫీసు మనిషి నవ్వింది. హేసుక్ కూడా నవ్వింది, చూశావా అన్నట్టు వదిన వైపు చూసింది. వసంతంలో కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది.

"మామ్మగారూ, ఇవాళ తారీఖు ఎంతో చెబుతారా?"

"ఈ వయసులో తారీఖులతో నాకేం పని తల్లీ? పిల్లలకు చదువులు కావాలి గానీ నాకెందుకు? అవన్నీ కోడలు చూసుకుంటుంది."

"మీ వయసెంత మామ్మగారూ?"

"ఆడవాళ్లను వయసడుగుతావా, తుంటరి పిల్లా!"

అన్నీ నవ్వుతాలే. ఆ మనిషి చేతులు ఎత్తమంది, ఎత్తింది. లేచి నిలబడమంది, నిలబడింది. కాసేపటికి ఆమె కలం ఆపి, ఓక్బున్ వైపు తిరిగింది. గోడ మీది పలక మీద ఆమె చూపు ఒక్క క్షణం నిలిచింది.

"చాలా బాగా చూసుకుంటున్నారమ్మా. మనం కొంచెం బయట కూర్చుని మాట్లాడుకుందామా?"

"బయటెందుకు?" అంది అత్తగారు వెంటనే. "ఇది ఇల్లు కాదా? అతిథిని బయట కూర్చోబెడతారా ఎవరైనా? ఇక్కడే మాట్లాడండి, నేనేం అనను."

ఆఫీసు మనిషి ఇబ్బందిగా నవ్వి, గొంతు తగ్గించి అడిగింది. "పక్క తడుపుతారా అమ్మా?"

ఓక్బున్ నోరు తెరిచేలోపు హేసుక్ అందుకుంది. "అయ్యో, అలాంటివేం లేవండి. మా అమ్మ చాలా శుభ్రం. ఎప్పుడైనా, చలికాలంలో..."

"కోపం వస్తే కొడతారా? కరుస్తారా?"

"ఛ ఛ. మా అమ్మా?"

"మీ చేతికి ఏమైందండి?"

హేసుక్ చెయ్యి వెనక్కి లాక్కుంది. "పిల్లి గీరింది."

"మన ఇంట్లో పిల్లి లేదు అమ్మాయిగారూ" అంది ఓక్బున్.

ఓక్బున్ ఒక్కసారి అత్తగారికి ఎదురుగా తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి వంగింది. కొత్త సంవత్సరం రోజున తప్ప అలా వంగదు.

"అత్తయ్యా, మీ ముందే మీ మీద చెడు చెప్పబోతున్నాను. నన్ను తిట్టండి, తర్వాత తిట్టండి. ఇప్పుడు చెప్పనివ్వండి."

అత్తగారు ఏం అర్థమైందో గానీ హుందాగా తల ఊపింది.

ఓక్బున్ చెప్పింది. గొంతు ఎక్కడా పెంచలేదు. సంతకు వెళ్లి కొన్న సరుకులు చెబుతున్నట్టు చెప్పింది. పరుపు రోజూ మారుస్తానంది. ఇప్పుడు చూస్తున్న శుభ్రం గంట క్రితం చేసినదని చెప్పింది. అన్నం గిన్నెలో బీరువా తాళం దాచడం, వాగు వైపు పోవడం, పొయ్యి మీద ప్లాస్టిక్ బుట్ట పెట్టి వెలిగించడం, దొంగ అని జుట్టు పట్టుకోవడం, అన్నీ చెప్పింది. ఆ పొద్దున కన్నకూతుర్ని కరిచిన సంగతీ చెప్పింది. హేసుక్ "వదినా" అని ఒకసారి అడ్డుపడింది, రెండోసారి అడ్డుపడలేదు.

"ఇంకొకటి ఉందమ్మా. ఇది అత్తయ్య తప్పు కాదు, నాది. మొన్న తలుపు కొండీలో చెంచా దోపి పొలానికి పోయాను. ఆ గోళ్లు చూడండి. అది నా వల్లే. ఆ పలక చూస్తున్నారు కదా మీరు, అది పట్టించుకోకండి. నేను ఇక చూడలేను. చూడలేని మనిషి చేతిలో ఉంటే ఈవిడకు మంచిది కాదు."

ఆఫీసు మనిషి అత్తగారి చేయి తీసుకుని, మానిపోతున్న గోళ్లను చూసింది. అత్తగారు ఆ చేతిని చూడలేదు. ఆమె ఇంతసేపూ కథ విన్నట్టు విని, నాలుక చప్పరించింది.

"పాపం, ఎవరింట్లో తల్లీ ఆ ముసలిది? మతి పోయినట్టుంది."

అత్తగారు అంతటితో ఆగలేదు.

"ముసలిది సరే, దానికి తెలీదు. ఆ కోడలికి సిగ్గుండాలి కదా! పరాయివాళ్లను పిలిచి ఇంటి గుట్టు చెబుతుందా? మా కోడలు అట్లాంటిది కాదు. నోరు విప్పి ఒక్క మాట అనదు. ఊరంతా మెచ్చుకుంటారు దాన్ని."

"మీ కోడలు ఎక్కడున్నారు మామ్మగారూ?" అని అడిగింది ఆఫీసు మనిషి నెమ్మదిగా.

"వంటింట్లో ఉంటుంది. ఎప్పుడూ అక్కడే. పిలుస్తానుండు." అత్తగారు తలుపు వైపు తిరిగి, "ఏమే, అతిథికి బార్లీ నీళ్లు తీసుకురా!" అని కేకేసింది. తర్వాత ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్న ఓక్బున్‌ను కొత్తగా చూసి, మర్యాదగా అడిగింది. "మీరెవరండీ? మిరపకాయలు కొనడానికి వచ్చారా? ఈ ఏడు కాయ బాగుంది. మా కోడలితో మాట్లాడండి, ఎక్కువ చెప్పదు."

ఓక్బున్ లేచి వంటింట్లోకి వెళ్లి బార్లీ నీళ్లు తెచ్చింది. అత్తగారు గ్లాసు అందుకుని, "చూశారా, పిలవగానే వస్తుంది" అని ఆఫీసు మనిషితో చెప్పింది.

కారు వెళ్లిపోయాక హేసుక్ వాకిట్లో ఆరబోసిన మిరపకాయల్లో తొడిమ ఊడిన కాయలు ఏరి పక్కన పెడుతూ, తల ఎత్తకుండా అంది.

"ఆ చెంచా సంగతి చెప్పకపోతే ఏం పోయేది? నువ్వేదో చేశావని రేపు అందరూ అంటారు."

"అనుకోనివ్వండి."

"మా అన్నయ్య ఉండి ఉంటే..."

"మీ అన్నయ్య ఉన్నా వంటింట్లో ఉండేది నేనే అమ్మాయిగారూ."

హేసుక్ అన్నం తినకుండానే మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు తల్లికి చెప్పి వెళ్దామని గదిలోకి తొంగి చూసింది. ముసలావిడ నిద్రపోతోంది. హేసుక్ లేపలేదు. లేపితే మళ్లీ ఏమంటుందోనని భయపడిందేమో. ఓక్బున్ బస్సు దాకా వెళ్లి, ఎండు మిరప సంచి ఒకటి చేతికిచ్చింది. ఆడబిడ్డ తీసుకుంది గానీ మొహం చూడలేదు.

ఆకులు రాలడం మొదలయ్యే రోజుల్లో గ్రేడు వచ్చింది. కొడుకు ఫోనులో సంతోషంగా చెప్పాడు. ఓక్బున్ "సరే" అని, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పెట్టేసింది. పొయ్యి మీద పాలు లేవు. ఆమెకు ఏడుపు వచ్చింది. ఎందుకో సరిగ్గా తెలియదు. అత్తగారి ముందు అన్ని మాటలూ అన్నందుకో, అన్నందుకే ఇది దొరికినందుకో.

వ్యాను వచ్చిన మొదటి రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. పసుపు చొక్కా వేసుకున్న పిల్ల ఒకతి దిగి, "మామ్మగారూ, మీ కోసమే వచ్చాం, పదండి పాటలు పాడుకుందాం" అని చెయ్యి అందించింది. అత్తగారు ఎక్కదేమో, కేకలు పెడుతుందేమో అని ఓక్బున్ పొద్దున్నుంచీ వాకిట్లోకీ గదిలోకీ తిరుగుతూనే ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. అంత మర్యాదగా పిలిచినవాళ్లను కాదనడం ఆవిడకు తెలియదు. వ్యానులో అప్పటికే కూర్చున్న ముసలివాళ్లందరికీ తల వంచి నమస్కారం పెట్టి, కిటికీ పక్కన కూర్చుంది. వ్యాను మలుపు తిరిగింది. ఆవిడ వెనక్కి చూడలేదు.

రోడ్డు మీద ఎదురింటి పిన్ని చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఈ ఊళ్లో ఎవరింటి ముందు ఏ బండి ఆగినా ఆవిడ చీపురుతో బయటికి వస్తుంది.

"పంపించేశావా ఓక్బున్?"

"పంపాను పిన్నీ. సాయంత్రానికి వచ్చేస్తుంది."

"మా కాలంలో అత్తను బండెక్కించి పంపడమే! అంటే ఏమనుకోకు, మంచికే అంటున్నా. నీలాంటిదే పంపితే ఇక మా కోడళ్లను పట్టగలమా?"

మామూలుగా అయితే ఓక్బున్ తల దించుకుని, అవునండీ కాదండీ అని ఏదో సర్దిచెప్పేది. ఈ పూట సర్దిచెప్పే మాటలు వెతికి తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

"మీరూ ఒకసారి వెళ్లి చూడండి పిన్నీ. అన్నం బాగా పెడతారట."

"నన్నంటావా! నాకేం మతి పోలేదు!" పిన్ని చీపురు నేలకేసి కొట్టింది. "అయితే పగలంతా నువ్వేం చేస్తావే?"

"పడుకుంటాను."

"పడుకుంటావా? పట్టపగలా? ఊరు చూస్తుండగా?"

"తలుపు వేసుకుంటానులెండి."

పిన్ని ఇంకా ఏదో అంటూనే ఉంది. ఓక్బున్ లోపలికి వెళ్లి తలుపు వేసుకుని, వెచ్చటి నేల మీద, దిండు కూడా తెచ్చుకోకుండా, ఉన్నచోటే పడుకుంది.